తాటి బొగ్గూ కునైన్ చేదూ

మా ఊళ్ళో ఒక కాలంలో మనుషుల నాలుకలు నల్లగా ఉండేవి. అలంకారానికి అంటున్న మాట కాదు. పొద్దున్నే ఎదురుపడినవాడు పలకరించడానికి నోరు తెరిస్తే నాలుక, చిగుళ్ళు, పళ్ళ సందులు మసి పూసినట్టు కనిపించేవి. యుద్ధం నడుస్తున్న రోజులవి. కిరసనాయిలు దొరకడం కష్టం, బట్ట దొరకడం కష్టం, మందులు మరీ కష్టం. అడిగినవారికల్లా దొరికే మందు ఒక్కటే ఉండేది, బొగ్గు పొడి. కడుపుబ్బరానికి అదే, అజీర్తికి అదే, నెత్తురు శుభ్రపడటానికి అదే, ముఖం తేటబడటానికి అదే. ఏ జబ్బూ లేనివాడు ముందుజాగ్రత్తగా వేసుకునేది కూడా అదే. చిటికెడు పొడిని మజ్జిగలో కలిపి పరగడుపున తాగి, మూతి తుడుచుకుని పనికి పోయేవారు. తుడుచుకున్న చేతి వెనక నల్లటి గీత మధ్యాహ్నం దాకా ఉండేది.

నేను అప్పుడు నకిరేకల్ బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. రోజూ మా ఊరి నుంచి నడిచి వెళ్ళి వచ్చేవాణ్ణి. పట్నంలో రసాయన శాస్త్రం చదువుకున్నాను. ఉర్దూలో చదివి, ఉర్దూలో పాఠం చెప్పి, సాయంత్రం ఇంటికి వచ్చి తెలుగులో వాదించేవాణ్ణి. చదువు నాకు ఆస్తిపాస్తులేమీ ఇవ్వలేదు గాని ఒక అలవాటు ఇచ్చింది. ఎవరు ఏది చెప్పినా, అది నీకెట్లా తెలుసు అని అడగటం. ఈ అలవాటు ఉన్న మనిషితో కలిసి బతకడం కష్టమని మా అమ్మ అనేది. ఆ మాట నిజమో కాదో పరీక్షించవలసిన అవసరం నాకు ఎన్నడూ రాలేదు.

ఊళ్ళోవారు నా దగ్గరికి సందేహాలు తెచ్చేవారు. రాగి కడియం తొడిగితే మోకాళ్ళ నొప్పి పోతుందట నిజమేనా, గ్రహణం నాడు కోసిన వేరు తేలు విషానికి పనిచేస్తుందట నిజమేనా అని అడిగేవారు. నాకు తెలిసినంత చెప్పేవాణ్ణి, తెలియనిది తెలియదనేవాణ్ణి. వాళ్ళు శ్రద్ధగా విని, తలూపి, ఇంటికి పోయి కడియం తొడుక్కునేవారు. మొదట కోపం వచ్చేది. తరువాత నవ్వు వచ్చేది. నేను చెప్పబోతున్న రోజుల నాటికి రెండూ అయిపోయి, ఒళ్ళంతా ఒక బడలిక మాత్రం మిగిలింది. ఎండలో దూరం నడిచి వచ్చాక కాళ్ళలో ఉండేటటువంటి బడలిక అది. ఒక రాత్రి నిద్రతో తీరేది కాదు.

బొగ్గు మీద ఊరికి కుదిరిన నమ్మకానికి ఒక పుట్టుక ఉంది. అంతకు ముందు ఎండాకాలంలో ఒక ఇంటి కోడలు ఏదో మాట పడలేక గన్నేరు పప్పు నూరి మింగింది. బండిలో వేసుకుని నకిరేకల్ దవాఖానకు తీసుకుపోతే, అక్కడి డాక్టరు మెత్తటి బొగ్గు పొడి నీళ్ళలో కలిపి ఆమె చేత బలవంతాన తాగించాడు. ఆమె బతికింది. బొగ్గు వల్ల బతికిందా, మింగిన పప్పు తక్కువ కావడం వల్లనా, దారిలో వాంతి కావడం వల్లనా అని నేను తరువాత డాక్టరును అడిగాను. ఆయన పట్నం మనిషి, మాటలు తూచి వేసేవాడు. మూడూ కావచ్చు అన్నాడు. ఆ మూడింటిలో మొదటిది ఒక్కటే బండి ఎక్కి ఊరికి తిరిగివచ్చింది. చావబోయే మనిషిని నిలబెట్టిన బొగ్గు, బతికి ఉన్న మనిషికి ఇంకెంత మేలు చేస్తుందో అని ఊరు లెక్క వేసుకుంది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. బొగ్గు మోసం కాదు. సరిగా కాల్చిన బొగ్గు లోపలంతా కంటికి కనబడని రంధ్రాలతో గుల్లగా ఉంటుంది. ఆ గోడలకు రంగులు, వాసనలు, కొన్ని విషాలు పట్టుకుంటాయి. కడుపులో ఉన్న విషం నెత్తురులోకి పోకముందే బొగ్గుకు అంటుకుంటే, బొగ్గుతో పాటే బయటికి పోతుంది. అంతవరకే దాని పని. అది కరగదు, నెత్తురులోకి పోదు. కనుక నెత్తురును శుభ్రపరచలేదు, ముఖానికి తేట తేలేదు, ఏ జబ్బూ లేనివాడికి ఏ మేలూ చేయలేదు.

దాన్ని తయారుచేసేవాడు మా ఇంటి పక్క అవుసులాయన. యుద్ధంలో బంగారం ధర పెరిగి నగలు చేయించుకునేవారు కరువై, కొలిమి చల్లారి కూర్చున్న ముసలి కంసాలి ఆయన. బొగ్గు సంగతి పుట్టుకతో తెలిసినవాడు. తాటి టెంకలను ఎండబెట్టి, కుండలో నింపి, మూతకు మట్టి మెత్తి, పిడకల నడుమ కాల్చేవాడు. లోపల ఎర్రగా ఉండగానే మూత తీసి నీళ్ళు చిలకరించి మళ్ళీ మూసేవాడు. బుస్సుమని ఆవిరి లేచేది. ఎందుకట్లా చేస్తావని అడిగితే, బొగ్గుకు దప్పిక తీర్చాలి అనేవాడు. నిప్పులా ఉన్న బొగ్గులోకి ఆవిరి పోతే దాని రంధ్రాలు ఇంకా తెరుచుకుంటాయని నా పుస్తకంలో ఉంది. కారణం ఏమైతేనేం, బొగ్గు మాత్రం మంచి బొగ్గు.

మా అమ్మ ఆయనను అన్నా అనేది, నేను మామా అనేవాణ్ణి. మొదట్లో ఒకసారి ఆయన అరుగు మీదనే వాదనకు దిగాను.

"మామా, నెత్తురు సాఫైతదని అందరికి చెప్తున్నవు. బొగ్గు నెత్తురులకు ఎట్ల పోతది?"

"నువ్వు పొద్దుగాల తిన్న జొన్నరొట్టె ఎట్ల పోయింది అల్లుడా? గట్లనే పోతది."

"రొట్టె అరుగుతది మామా. బొగ్గు అరగదు, కరగదు."

"కరగకుంటనే గింత పని చేస్తాంది. కరిగితే ఇంకెంత చేస్తుండెనో సోంచాయించు!"

అరుగు మీద ఉన్నవాళ్ళు నల్లటి నోళ్ళు తెరిచి నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తరువాత ఆ సంగతి ఎత్తలేదు. ఆరోగ్యంగా ఉన్నవాడు బొగ్గు తాగితే పెద్దగా చెడేదేమీ లేదు. చెడు లేని అబద్ధాల మీద ఊపిరి ఖర్చు చేయకూడదని నాకు నేను ఒక నియమం పెట్టుకున్నాను.

ఆ వానాకాలం చివర నా చెల్లె తొలి కానుపుకు మా ఇంటికి వచ్చింది. బావ ఆలేరు స్టేషనులో పని చేసేవాడు. సెలవు దొరకక, ఆమెను బండి ఎక్కించి పంపాడు. వచ్చిన కొద్ది రోజులకే ఆమెకు చలిజ్వరం పట్టుకుంది. రోజు విడిచి రోజు, పొద్దెక్కే వేళకు వణుకు మొదలయ్యేది. ఇంట్లో ఉన్న గొంగళ్ళన్నీ కప్పినా పళ్ళు టకటక కొట్టుకునేవి. తరువాత ఒళ్ళు పెనంలా కాలేది. సాయంత్రానికి చెమటలో తడిసి, మాట్లాడే ఓపిక లేక గోడకు ఆనుకుని కూర్చునేది. కడుపు మీద రెండు చేతులూ పెట్టుకుని, లోపలి బిడ్డ మెదులుతోందా లేదా అని చూసుకునేది.

డాక్టరు కునైన్ గోలీలు ఇచ్చాడు. చలిజ్వరానికి మరో మందు లేదన్నాడు. ఒంట్లో వేడి పుట్టిస్తాయని మా అమ్మ ఆ గోలీల పొట్లాన్ని ముట్టుకోలేదు.

"కునైన్ కాక జేస్తది కొడుకా. కడుపుతోని ఉన్న పిల్లకు ఇస్తరా ఎవరన్న?"

"జరం తగ్గకపోతే కడుపుకే ముప్పని డాక్టర్ సాబ్ చెప్పిండమ్మా."

"ఆయన మొగోడు. ఆయనకేమెరుక? నువ్వు పుట్టినంక నా కడుపుల ఒకటి పడ్డది. గప్పుడు నాకు గిదే జరం, గిదే గోలి. మింగిన. ఆ వారమే జారిపోయింది. నా చేతులతోని నేనే మింగిన కొడుకా."

ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. గోలీ వల్ల పోయిందా, జ్వరం వల్ల పోయిందా అని అడగబోయి ఆగాను. డాక్టరును మాత్రం అడిగాను. జ్వరం వల్లనే ఎక్కువగా పోతుంది, కునైన్ మోతాదు మించితే దాని వల్ల కూడా పోవచ్చు, అందుకే తక్కువ మోతాదు ఇచ్చాను అన్నాడు. ఆ మాటను ఉన్నదున్నట్టు అమ్మకు చెప్పాను. ఆమె చాలాసేపు బియ్యం చెరుగుతూ కూర్చుంది. చివరకు, ఇస్తాను అంది. ఏ పూటా తప్పకుండా నా చేత్తోనే ఇస్తాను అంది. మా అమ్మ మాట తప్పే మనిషి కాదు.

గోలీలు పూటపూటకూ పోతున్నాయి, జ్వరం మాత్రం పోలేదు. వస్తున్న రోజుకే వస్తోంది, పట్టిన పట్టు విడవడం లేదు. చెల్లె ముఖం పాలిపోయి, కళ్ళ కింద గుంటలు పడ్డాయి. నేను మళ్ళీ దవాఖానకు వెళ్ళాను. డాక్టరు అంతా విని, తెలుగులో ఉర్దూ కలుపుతూ అడిగాడు.

"మాస్టర్, ఒక సవాల్ అడుగుత. ఆమెకు చెవుల్ల గుయ్యిమని మోత వస్తున్నదా?"

"లేదు సాబ్."

"తల తిరుగుడు? వినికిడి మందం?"

"అవేమీ లేవు. గోలీలు ఆమెకు బాగానే పడ్డాయి. ఏ బాధా లేదు."

ఆయన కలం కింద పెట్టాడు. "బాధ లేదంటే దవా లేదు. కునైన్ నెత్తురుల పడ్డదంటే చెవులు జర మోగాలె. అయితే గోలీ లోపలికి పోతలేదు, లేదంటే గోలీల కునైన్ లేదు. రెండిట్ల ఏదో ఒకటి."

గోలీలో కునైన్ లేకపోవడం ఆ రోజుల్లో జరగరానిదేమీ కాదు. కునైన్ చెట్లున్న దీవులు జపానువాళ్ళ చేతుల్లో పడ్డాక సుద్దముక్కలకు చేదు పూసి అమ్మేవాళ్ళు తయారయ్యారు. నేను ఒక గోలీని బడికి తీసుకుపోయాను. కునైన్‌కు ఒక అందమైన గుణం ఉంది. దాన్ని నీళ్ళలో కరిగించి, కాస్త గంధకామ్లం కలిపి ఎండలో పట్టుకుంటే, రంగులేని నీళ్ళ అంచున లేత నీలి వెలుగు తేలుతుంది. బడి వెనక గోడవారన నిలబడి గాజు గొట్టాన్ని సూర్యుడికి ఎదురుగా ఎత్తాను. నీలి వెలుగు వచ్చింది. గోలీ మంచిదే. దవాఖానను అనుమానించినందుకు మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను. ఇక మిగిలింది మా ఇల్లు.

ఆ మధ్యాహ్నం బడి నుంచి ముందుగా వచ్చి చెల్లె పక్కన కూర్చున్నాను. అమ్మ గోలీ తెచ్చింది. చెల్లె నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, చేదుకు ముఖం ముడుచుకుంది. మింగింది. అందులో మోసమేమీ లేదు. అమ్మ లోపలికి పోయి ఒక గిన్నెతో తిరిగివచ్చింది. గిన్నెలో మజ్జిగ, మజ్జిగలో తారులాంటి నలుపు.

"అదేందమ్మా?"

"విరుగుడు," అంది అమ్మ, అది కూడా అడగాలా అన్నట్టు.

మా వైపు ఘాటు మందు ఏది ఇచ్చినా దాని వెంటనే విరుగుడు ఇవ్వటం ఆనవాయితీ. నాటు మందు కడుపులో పడగానే పెరుగన్నమో, చక్కెర నీళ్ళో, చలవ చేసేది ఏదో ఒకటి పెడతారు. మందు ఇచ్చి విరుగుడు ఇవ్వనివాళ్ళను నిర్లక్ష్యపు మనుషులుగా చూస్తారు. మా అమ్మ నిర్లక్ష్యపు మనిషి కాదు. గోలీ ఎట్లా తప్పలేదో విరుగుడు కూడా అట్లాగే తప్పలేదు. చెల్లె గిన్నె ఎత్తి గటగటా తాగి నా వైపు చూసి నవ్వింది. పళ్ళన్నీ నల్లగా ఉన్నాయి.

"అన్నా, ఇది తాగినంక కునైన్ కాక ఇంత గూడ తెలుస్తలేదే."

తెలియదు. ఎట్లా తెలుస్తుంది? కడుపులో గోలీ కరుగుతూ ఉండగానే బొగ్గు దాన్ని పట్టేస్తోంది. అవుసులాయన బొగ్గు మంచి బొగ్గు కావడమే మా పాలిట చెడ్డదైంది. నాసిరకపు బొగ్గు అయితే కొంత మందన్నా మిగిలేది.

చెప్పాను. అమ్మ వినలేదు. గోలీ ఇవ్వమన్నావు, ఇస్తున్నాను కదా అంది. మాటలతో కాదని, మరునాడు బడి నుంచి వడపోత కాగితం తెచ్చాను. వాకిట్లో ఎండలో పీట వేసి అమ్మను కూర్చోబెట్టాను. గోలీని నూరి నీళ్ళలో కలిపి, ఒక్క చుక్క నాలుక మీద వేసుకోమన్నాను.

"థూ! ఒట్టి విషం!" అని ఉమ్మింది.

అదే నీళ్ళలో ఆమె వాడే పొడి వేసి బాగా కలిపి, కాగితంలో వడపోశాను. చుక్కచుక్కగా తేటనీళ్ళు దిగాయి. అవి నాలుక మీద వేసుకోమన్నాను. వేసుకుంది. మళ్ళీ వేసుకుంది. ఆమె ముఖం విప్పారింది.

"సప్పగున్నయి! మంచినీళ్ళ లెక్కున్నయి! ఓ బిడ్డా, ఇటు రా, సూడు. ఆ విషమంత గుంజింది. నేనేమన్న? నేను గుడ్డిగ ఇచ్చినననుకున్నడు మీ అన్న. ఇగో ఇప్పుడు ఆయనే సూపిచ్చిండు!"

"అమ్మా, ఆ చేదే మందు. చేదు పోయిందంటే మందు పోయింది."

"చేదే మందైతే వేపాకు నమిల్తె సాలదా? దవాఖాన దాక నువ్వెందుకు తిరుగుతున్నవు?"

సాయంత్రానికి ఆ సంగతి వీధంతా పాకింది. పంతులే స్వయంగా పరీక్ష చేసి, బొగ్గు విషాన్ని లాగేస్తుందని తల్లికి రుజువు చేశాడట. నా పదేళ్ళ చదువులో నేను చేసిన పరీక్షలన్నిటిలో జనం నమ్మినది అదొక్కటే.

మరునాడు జ్వరం రోజు. వణుకు ఎన్నడూ లేనంత పట్టింది. అది తగ్గాక చెల్లె నన్ను దగ్గరికి పిలిచి, అమ్మకు వినబడకుండా అంది.

"అన్నా, పొద్దటి నుంచి బిడ్డ మెదలలే."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి కాలుతోంది.

"ఒక్క మాట అడుగుత. బొగ్గు లేకుంట ఒట్టి గోలి మింగితే నా కడుపుకేం గాదని నువ్వు చెప్తవా?"

ఏమీ కాదు అని ఒక్క మాట అంటే చాలు. ఆమె అదే అడుగుతోంది. ఆ మాట నా దగ్గర లేదు.

"గట్ల చెప్పలేను చెల్లె. జరం ఇట్లనే ఉంటే ముప్పు ఎక్కువ. గోలితోని తక్కువ. తక్కువంటే అసలే లేదని కాదు."

"అవుసుల మామ అయితే బొగ్గు తాగితే ఏం గాదన్నడు."

"ఆయనకు తెల్వదు."

"నీకు గూడ తెల్వదు గద అన్నా."

ఆయనకు తెలియకపోవడానికీ నాకు తెలియకపోవడానికీ తేడా ఉంది. ఆ తేడా నేర్చుకోవడానికి నాకు ఏళ్ళు పట్టింది. ఒళ్ళు కాలిపోతూ, కడుపులో బిడ్డ కదలిక కోసం చెవి ఒగ్గి కూర్చున్న మనిషికి దాన్ని ఒక్క మాటలో చెప్పే విద్య నాకు ఎవరూ నేర్పలేదు. పొద్దు వాలేవేళకు ఆమె ఉలిక్కిపడి నా చేతిని తన కడుపు మీదికి లాక్కుంది. బలహీనంగా, ఒక్కసారి, కదిలింది. నేను లేచి అవుసులాయన అరుగు మీదికి వెళ్ళాను.

ఆయన బొగ్గు నూరుతున్నాడు. చుట్టూ రోజూ కూర్చునే నలుగురూ ఉన్నారు.

"మామా, నీ బొగ్గు గోలిని పనిచెయ్యనిస్తలేదు. చెల్లెకు ఇయ్యొద్దని అమ్మకు నువ్వు చెప్పాలె. నా మాట వింటలేదు."

ఆయన రోలులో చెయ్యి ఆపి, తల ఎత్తి, నన్ను పరీక్షగా చూశాడు.

"ఆగు ఆగు. పనిచెయ్యనిస్తలేదంటే? గోలి బలాన్ని నా బొగ్గు గుంజుకుంటాందా?"

"గుంజుకుంటది."

"అంటే దవాఖాన గోలికన్న నా బొగ్గు జోర్దారున్నట్టే గద?"

నేను ఆలోచించాను. అడిగిన ప్రశ్నకు జవాబు ఇవ్వక తప్పదు.

"ఆ లెక్కన జోర్దారే."

"గీ మాట గిక్కడ గీ నలుగుర్ల గట్టిగ చెప్పు అల్లుడా. ఇన్నొద్దుల సంది నా బొగ్గును తీసిపారేస్తున్నవు. చెప్పినంక మీ అమ్మకు నేను చెప్త. నా చెల్లె నా మాట దాటదు."

అదీ ఆయన అడిగిన వెల. నిలబడి, అరుగు మీద అందరికీ వినబడేటట్టు చెప్పాను. ఈయన బొగ్గు చాలా బలమైనది, దవాఖాన గోలీలోని బలాన్ని కూడా లాగేస్తుంది అన్నాను. నేను అన్న మాటల్లో అసత్యం ఒక్కటి లేదు. విన్నవాళ్ళ తలల్లో నిలిచినదానిలో సత్యం ఒక్కటి లేదు. అవుసులాయన కళ్ళు మెరిశాయి. చేతులు పంచెకు తుడుచుకుని మా ఇంటికి బయలుదేరాడు. నేను వెనకాల నడిచాను.

"చెల్లె, నా బొగ్గు పక్కన ఇంకో మందును ఓర్వదు. శానా రోషమున్న మందు. పొద్దుగాల గోలి, పగటాళ్ళ గోలి, గవి నీ కొడుకు చెప్పినట్లే ఇయ్యి. పొద్దుగూకినంక బొగ్గియ్యి. నడుమల కలిపినవా, నాకు సంబంధం లేదు."

"మరి విరుగుడన్నా? గోలి ఎంటనే ఇయ్యకుంటే ఎట్ల?"

"ఎంటనే ఇచ్చేది పిల్లల విరుగుడు. ఆగి ఇచ్చినదాని బలమే వేరు. కాక లోపట జమైతది, సాయంత్రం నా బొగ్గు ఒక్కపట్టున ఊడ్చుకపోతది."

ఆ మాటల్లో ఒక్కదానికీ ఆధారం లేదు. నీకెట్లా తెలుసు అని అడగవలసిన చోటు ఏదైనా ఉంటే అదే. నేను గడప మీద నిలబడి నోరు మెదపలేదు. మరునాడు డాక్టరుకు చెప్పాను. ఉదయం, మధ్యాహ్నం గోలీ, సాయంత్రం బొగ్గు అయితే మందు చాలావరకు ఒంటికి పడుతుంది, కానీయండి అన్నాడు. ఆయన కూడా అలిసిపోయినట్టే కనిపించాడు.

అట్లా మొదలుపెట్టిన తరువాత ఒక మధ్యాహ్నం చెల్లె అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తబోయి ఆగిపోయింది. రెండు చేతులతో చెవులు మూసుకుంది.

"అమ్మా, చెవుల్ల తేనెటీగలు తిరుగుతున్నట్టున్నదే."

అమ్మ ముఖం తెల్లబోయింది. పరుగున లోపలికి పోయి గిన్నె తెచ్చింది. తొందరలో మజ్జిగ ఒలికింది. "అయ్యో, కాక నెత్తికెక్కింది. నాకు గూడ గిట్లనే అయింది గప్పుడు. గిట్లనే మోగినయి. జరంత తాగు బిడ్డా, జరంత తాగు."

నేను ఆ మోత కోసం ఎన్నో రోజులుగా ఎదురుచూస్తున్నాను. అది మందు నెత్తురులో పడిందనడానికి గుర్తు. కాని అమ్మకు అది పోయిన బిడ్డ గుర్తు. ఆ క్షణంలో నేను ఏమి చెప్పినా ఆమె చెవికి ఎక్కదు. నేను చెల్లె వైపు చూశాను.

ఆమె గిన్నెను మెల్లగా పక్కకు జరిపింది.

"వద్దే అమ్మా. మామ పొద్దుగూకినంకనే అన్నడు గద. మోగితే మోగనీ."

"బిడ్డకేమన్న అయితే?"

"బిడ్డ మెదులుతాంది. పొద్దటి సంది మెదులుతనే ఉన్నది. జరమున్న నాడే మెదల్తలేదు. నాకెరుకే, నేనే గద మోస్తున్న."

అమ్మ గిన్నెను గూట్లో పెట్టి, కూతురి పక్కన కూర్చుని, ఆమె చెవుల మీద తన అరచేతులు పెట్టింది. మోత ఆగుతుందని కాదు. చేయడానికి ఆమెకు ఇంకేమీ లేకపోయింది. ఇద్దరూ అట్లా ఎంతసేపు కూర్చున్నారో, అన్నం మీద పొర కట్టింది.

తరువాతి జ్వరం రోజున వణుకు కొద్దిగా వచ్చి పోయింది. ఆ తరువాతి జ్వరం రోజున రాలేదు. చలికాలం మధ్యలో కానుపు అయింది. ఆడపిల్ల. చిన్నగా, ముడతలుగా ఉంది, కాని ఏడుపు మాత్రం అవుసులాయన కొలిమి దాకా వినబడిందని ఆయనే వచ్చి చెప్పాడు. జ్వరాన్ని ఆపింది కునైనే అని నా నమ్మకం. నమ్మకం అనే అంటున్నాను. కొన్ని జ్వరాలు వాటంతట అవే పోతాయి, ఒక్క మనిషి ఒంట్లో ఒక్కసారి జరిగినదానితో ఏదీ రుజువు కాదు. ఇంకెవరైనా ఇట్లా చెబితే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు గనక, నేను చెప్పినా ఒప్పుకోకూడదు. మా అమ్మకు ఆ ఇబ్బంది లేదు. బొగ్గే కాపాడిందని ఆమెకు తెలుసు.

చెల్లె బిడ్డతో ఆలేరు వెళ్ళిపోయిన తరువాత ఒక ఆదివారం చిట్యాల వైపు పల్లె నుంచి ఒక ఆడమనిషి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. కోడలికి నెలలు నిండుతున్నాయట, చలిజ్వరం వదలడం లేదట. ఫలానా ఇంట్లో బొగ్గుతో నయమైందని ఎవరో చెప్పారట. అమ్మ ఆమెను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఓపికగా చెప్పింది.

"ఒట్టి బొగ్గుతోని కాదవ్వా. పొద్దుగాల, పగటాళ్ళ దవాఖాన గోలి. పొద్దుగూకినంక బొగ్గు. నడుమల కలుపొద్దు. గీ బొగ్గుకు రోషమెక్కువ, ఇంకో మందును ఓర్వదు. చెవులు మోగుతయి, బుగులుపడకు. కాక జమైతాందన్నట్టు."

ఆమె అంతా విని, అరుగు చివర కూర్చున్న నా వైపు తిరిగింది.

"నిజమేనా పంతులూ?"

చేయమన్న పని సరైనది. చెప్పిన కారణం తప్పు. కారణాన్ని సరిచేయబోతే పని చెడుతుందని నాకు అప్పటికి బాగా తెలుసు. బొగ్గు అసలే వద్దంటే ఆమె గోలీ కూడా మానేస్తుంది. అమ్మ కూడా నా వైపే చూస్తోంది.

"అమ్మ చెప్పినట్లే చెయ్యవ్వా. గోలి మాత్రం తప్పొద్దు."

ఆమె పొడి పొట్లాన్ని కొంగున ముడి వేసుకుని లేచింది. వీధి ఇరువైపులా చూసి, గోలీలు ఇచ్చే దవాఖాన ఎటు దిక్కున్నదని అడిగింది. ఎండ చాలా ఉంది. ఆదివారం డాక్టరు ఉంటాడో లేదో కూడా తెలియదు. నేను చెప్పులు వేసుకుని ఆమెకు దారి చూపించడానికి బయలుదేరాను.